కొల్లేటి నీటి లెక్క

మొన్న చలికాలం దుప్పట్లు తీద్దామని బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పున ముఖానికి కొట్టింది. ఆ వాసనకు ఎవరికైనా పాత బట్టలు, పెళ్ళి చీరలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం కంప్యూటర్లు గుర్తుకొచ్చాయి. ఏలూరులో ఒక కళాశాల మేడ మీద, చివరి గదిలో, రెండు పాత కంప్యూటర్ల వెనక పాత చీర ముక్కల్లో మూటగట్టి పెట్టిన కలరా ఉండలు. ఎలుకలు వైర్లు కొరక్కుండా హైమావతి గారు చేసిన ఏర్పాటు అది. మూడేళ్ళకు పైగా ఆ వాసనలోనే కూర్చుని పనిచేశాను. నాకు ఒక పని చేతనయింది, ఆ పనిలో ఎలా మెలగాలో తెలిసింది అంటే, అదంతా ఆ గదిలోనే. ఆవిడను ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను.

హైమావతి గారు ఆ కళాశాలలో గణితం చెప్పేవారు. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపే ఆయన కూతురు. చేపల లారీలు, ఐసు దిమ్మలు, రొయ్యల మేత బస్తాల మధ్య పెరిగిన మనిషి. భర్త తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి కావడంతో అక్కడ కాపురం ఉంటూ రోజూ పాసింజరు బండిలో ఏలూరు వచ్చేవారు. పొట్టి మనిషి, గబగబా నడిచేవారు. ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో నల్ల గొడుగు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. చివరికి కంప్యూటరును కూడా మన్నించే మాట్లాడేవారు. అది మొరాయిస్తే తెర ముందు కుర్చీ లాక్కుని, "ఏవండీ, ఇప్పుడేమంటారు?" అని అడిగేవారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. కొన్నాళ్ళకు నేనూ అలాగే అడగడం మొదలుపెట్టాను.

రెండువేల మూడు ప్రాంతంలో ఆవిడకు ఢిల్లీలోని ఒక ప్రభుత్వ శాఖ నుంచి ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. భారీ వర్షాలు పడి వాగులూ డ్రెయిన్లూ పొంగితే కొల్లేరులో నీరు ఎంత ఎత్తుకు లేస్తుంది, చేపల చెరువుల గట్లు అడ్డం ఉంటే ఎటు మళ్ళుతుంది, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి ఎంత పోతుంది, ఇదంతా కంప్యూటరు మీద లెక్కకట్టాలి. దానికి ఒక సహాయకురాలు కావాలని ప్రకటన ఇచ్చారు. నాది భీమడోలు. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను ఎమ్మెస్సీ గణితం చదివి, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్నెల్లు కంప్యూటరు నేర్చుకుని, ఖాళీగా ఉన్నాను. ఇంటర్వ్యూలో ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న.

"నీకు రానిది ఎదురైతే ఏం చేస్తావు, ప్రమీలా?"

"నేర్చుకుంటానండీ" అన్నాను, అందరూ చెప్పే జవాబే.

"అది తర్వాత. ముందు ఏం చేస్తావు?"

"ఎవరినైనా అడుగుతానండీ" అన్నాను భయంభయంగా.

"ఎలా అడగాలో నేర్పిస్తాలే" అన్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

మొదటి రోజు ఆ గదిలో కంప్యూటరు వేస్తే నేను నేర్చుకున్నదేదీ అందులో లేదు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, మిణుకుమిణుకుమనే ఒక గీత. ఒక పత్రికతోపాటు వచ్చిన సీడీ నుంచి, విండోస్‌కు బదులు ఊరికే దొరికే లినక్స్ ఎక్కించారట ఆవిడే. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేరు కొనే స్తోమత ఆ ప్రాజెక్టుకు లేదు. పైగా మాకు కావలసిన నీటి లెక్కల ప్రోగ్రాము అలాంటి యంత్రాల కోసమే రాసింది. రెండు కంప్యూటర్లకూ పేర్లున్నాయి. ఒకటి గూడబాతు, రెండోది నారాయణపక్షి. కొల్లేటి పక్షుల పేర్లు. "పేరు పెట్టి పిలిస్తే ఏ మిషను మీద ఏం చేశామో తికమక ఉండదమ్మా" అనేవారు.

లెక్కల ప్రోగ్రాము రాసినాయన హాలండు దేశపు ఇంజనీరు. ఎప్పుడో పెద్ద పెద్ద కంప్యూటర్లున్న రోజుల్లో ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటరు భాషలో రాశారు. రిటైరయ్యాక అడిగినవారికల్లా ఊరికే పంచిపెడుతున్నారు. మనిషి రాసిన ఆ పాఠాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చడాన్నే కంపైల్ చేయడం అంటారు. నేను మొదటిసారి ఆ పని మొదలుపెట్టగానే తెర నిండా తప్పులు పైనుంచి కిందకు కారిపోయాయి. వందలకొద్దీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిట్టచివరి తప్పు దగ్గర మొదలుపెట్టి దానితో కుస్తీ పడుతున్నాను. హైమావతి గారు క్లాసు ముగించుకుని వచ్చి వెనక నిలబడ్డారు.

"పైకి వెళ్ళు. మొట్టమొదటిది చదువు" అన్నారు.

"చాలా ఉన్నాయి మేడం."

"ఎన్నున్నా సరే. మొదటి తప్పు ఒక్కటే నిజం. మిగతావి దాని వెనక పడి వచ్చినవి కావచ్చు. అది సరిచేసి మళ్ళీ చూడు."

మొదటి తప్పు ఒక చిన్న సంగతి. ప్రోగ్రాము వాడుకునే ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన లెక్కల కట్ట, ఎక్కడుందో కంప్యూటరుకు మేము చెప్పలేదు. చెప్పాం. మళ్ళీ నడిపితే సగానికి సగం తప్పులు మాయమయ్యాయి. నేను సంబరపడిపోతుంటే ఆవిడ మాత్రం "ఊఁ, ఇప్పుడు మళ్ళీ మొదటిది" అన్నారు. అలా ఒకదాని తర్వాత ఒకటి దిగివచ్చాం. చివరికి ఒకే ఒక్క తప్పు మిగిలింది. అది మాత్రం వారం రోజులు గడిచినా లొంగలేదు. ఇక ఆ హాలండు పెద్దాయననే అడగాలి. అడగాలంటే మెయిలు పంపాలి. మా గది నుంచి మెయిలు బయటికి వెళ్ళడం లేదు.

ఏలూరులో ఇంటర్నెట్ సెంటర్లు అప్పటికి చాలానే ఉన్నాయి. అక్కడికి పోయి ఉత్తరం కొట్టి రావచ్చు. కానీ ప్రోగ్రాము ఫైళ్ళు, తప్పుల జాబితాలు అన్నీ మా యంత్రాల్లోనే ఉన్నాయి. రోజూ ఫ్లాపీల్లో మోసుకుపోతే సగం ఫ్లాపీలు అక్కడ తెరుచుకునేవి కావు. అందుకని గూడబాతు నుంచే మెయిలు పంపే ఏర్పాటు చేయాలని ఆవిడ పట్టుదల. ఫోను లైను ప్రిన్సిపాల్ గారి గదితో ఉమ్మడి. ఆయన ఫోను ఎత్తితే మా కనెక్షను తెగిపోయేది. ఆయన భోజనానికి వెళ్ళే వేళకు మేము డయల్ చేసేవాళ్ళం. తీరా పంపిన ప్రతి మెయిలూ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చేది. ఎందుకు తిప్పిపంపారో అందులో ఇంగ్లీషులో పేజీడు రాసి ఉండేది. చూడగానే నేను మూసేసేదాన్ని. ఆవిడ దాన్ని ప్రింటు తీసి, మర్నాడు రైల్లో నా చేతికిచ్చారు. ఆవిడ గూడెంలో ఎక్కితే నేను భీమడోలులో ఎక్కేదాన్ని. ఆడవాళ్ళ పెట్టెలో నాకోసం చోటు ఆపి ఉంచేవారు.

"ఇది మనకు వచ్చిన ఉత్తరం కదా. ఉత్తరం వస్తే చదవకుండా చింపేస్తామా?" అన్నారు.

దెందులూరు దాటేలోపు చదివాను. అంతా చదివితే తేలిందేమిటంటే, మా కంప్యూటరు బయటివాళ్ళకు తన పేరు 'లోకల్‌హోస్ట్' అని చెప్పుకుంటోంది. లోకంలో ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే పేరు అది. ఉత్తరాలు అందుకునే అవతలి కంప్యూటరు, అంటే సర్వరు, నువ్వెవరో తేలితేగాని ఉత్తరం తీసుకోనంటోంది.

"అంటే మన ఉత్తరం మీద ఊరూ పేరూ లేదన్నమాటండీ" అన్నాను.

హైమావతి గారు పెట్టెలో అందరూ తిరిగి చూసేలా నవ్వారు. "అంతే! ఆకాశరామన్న ఉత్తరం. ఎవరు తీసుకుంటారమ్మా?"

ఆ రోజే కూర్చుని, ఉత్తరాలు పంపే సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము అమరికలు మార్చాం. మా ఉత్తరాలన్నీ నేరుగా వెళ్ళకుండా, మాకు కనెక్షను ఇచ్చినవారి సర్వరు ద్వారా, వారిచ్చిన పేరుతో వెళ్ళేలా చేశాం. ఒక చుక్క ఎక్కువైనా ఒక ఖాళీ తక్కువైనా పని చేయని ఫైలు అది. రెండు మూడు రోజులు పట్టింది. పరీక్షకని ఆవిడ నాకు, నేను ఆవిడకు, పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఉత్తరాలు రాసుకున్నాం. ఆవిడ రాసిన మొదటి మెయిలు నాకింకా గుర్తుంది. "భోజనం చేశావా?" అని అడిగారు అందులో.

హాలండుకు ఉత్తరం నన్నే రాయమన్నారు, నా పేరుతోనే. నేను ఒక పేజీ నిండా రాశాను. అయ్యా, నేను ఫలానా, మాది చిన్న ఊరు, నాకు ఏమీ తెలియదు, తమరు పెద్దవారు, దయచేసి అన్యథా భావించవద్దు అని. ఆవిడ చదివి సగానికి పైగా కొట్టేశారు.

"నీ గురించి ఇంత ఎందుకు? ఆయనకు కావలసింది నీ ఇబ్బంది. ఏం చేశావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది. ఈ మూడూ రాయి. నీ ముఖం ఎరగనివాడు కూడా జవాబు చెప్పగలిగేలా అడగాలి."

"మర్యాదగా ఉండదేమోనండీ."

"ఆయన సమయం పాడు చేయకపోవడమే మర్యాదమ్మా."

అలాగే రాశాను. మర్నాడు మధ్యాహ్నం డయల్ చేస్తే జవాబు వచ్చి ఉంది. నాలుగే వాక్యాలు. కొన్ని కంపైలర్లు, అంటే ఆ మార్పిడి చేసేవి, ప్రోగ్రాములోని ప్రతి పేరు చివరా ఒక గీత తగిలిస్తాయి, కొన్ని రెండు తగిలిస్తాయి, అందుకే ఒకదాని పిలుపు ఇంకొకదానికి వినపడటం లేదు, ఫలానా మాట చేర్చి చూడండి అని. కింద తన పేరు. పైన 'డియర్ ప్రమీల' అని. భీమడోలు దాటి నా పేరు ఎరిగిన మనుషులే తక్కువ ఆ రోజుల్లో. ఆ పేరును కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆయన చెప్పిన మాట చేర్చి కంపైల్ చేశాం. కరెంటు పోతుందేమోనని ఇద్దరం ఫాను వంక చూస్తూ కూర్చున్నాం. పోలేదు. తెర మీద తప్పుల్లేకుండా గీత మళ్ళీ మిణుకుమంది. ప్రోగ్రాముతో పాటు ఆయన పంపిన నమూనా లెక్క నడిపితే జవాబు సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాత రెండున్నరేళ్ళు కొల్లేరు చుట్టూ తిరిగి కొలతలు తెచ్చి, గూడబాతు మీద లెక్కలు కట్టాం. నివేదిక ఢిల్లీకి పంపాం. దానితో ఆగకుండా హైమావతి గారు తెలుగులో రెండు పేజీల సారాంశం రాసి, మేము కొలతలు తీసుకున్న లంక గ్రామాలకు ఇచ్చి వచ్చారు. ఏ మెరక ఎంత వానకు మునుగుతుంది, ఏది మునగదు అని ఒక చిన్న పటంతో సహా. ఆ గ్రామాల్లో ఒకదానిలో క్రైస్తవ కుటుంబాలు కొత్త చర్చి కట్టుకోవాలని అనుకుంటున్నాయి. అంతా చేపల వేట మీద, చెరువుల పని మీద బతికేవారే. సంఘ పెద్ద ఆశీర్వాదం గారు మా పటం చూసి, ఊరికి తూర్పున ఒక స్థలం మునగదని ఉంటే, అక్కడ కట్టుకుంటున్నామని కళాశాలకు వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. మాకిద్దరికీ ఎంత సంతోషమో. మా లెక్క మీద ఒక గోడ లేవబోతోంది.

ఢిల్లీ వారికి నివేదిక నచ్చింది. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు పొడిగిస్తామని, ముందుగా కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చని రాశారు. కొత్తది వచ్చింది. దానికీ కొల్లేటి పక్షి పేరే, పరజ అని పెట్టాం. కొత్త లినక్స్, కొత్త కంపైలర్. ప్రోగ్రామును దాని మీద మళ్ళీ కంపైల్ చేసే పని నాది. ఇప్పుడు అది నాకు గంట పని. చేసి, అలవాటు కొద్దీ పాత లెక్కే ఒకటి దాని మీద నడిపాను. పరజ చెప్పిన నీటి ఎత్తు, గూడబాతు చెప్పిన ఎత్తు ఒకటి కాదు.

నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి చేశాను. అదే తేడా. హాలండు నమూనా లెక్క మాత్రం రెండింటి మీదా సరిపోతోంది. మా కొల్లేరు లెక్కే సరిపోవడం లేదు. ఆ సాయంత్రం స్టేషనుకు నడుస్తూ హైమావతి గారికి చెప్పాను.

ఆవిడ టక్కున ఆగిపోయారు. "నువ్వు కంపైల్ చేసేటప్పుడు ఏదో మార్చి ఉంటావు" అన్నారు. ఆ గొంతు నాకు కొత్త.

"లేదండీ. రెండుసార్లు చూసుకున్నాను."

"కొత్త కంపైలర్లో లోపముండొచ్చు. ఇన్నాళ్ళూ సరిగ్గా వచ్చిన లెక్క ఇవాళ తప్పెలా అవుతుంది? ప్రతిదానికీ కంగారు పడిపోకు."

రైలెక్కాం. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. భీమడోలులో నేను దిగేటప్పుడు ఎప్పుడూ "జాగ్రత్తమ్మా" అనే మనిషి ఆ రోజు అనలేదు. ఇంటికి వెళ్ళి అమ్మ పెట్టిన అన్నం తినలేకపోయాను. చెప్పకుండా ఉండాల్సిందా అని కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున బండి ఎక్కితే నా చోటు ఖాళీగా ఉంది. ఆవిడ ఒడిలో ప్రోగ్రాము ప్రింటు కాగితాల కట్ట ఉంది. సగం నాకిచ్చారు.

"నిన్న నీ మీద విసుక్కున్నాను. తప్పు నాది. నువ్వు ఉప్పుటేరు వైపు నుంచి చదువు, నేను వాగుల వైపు నుంచి వస్తాను" అన్నారు.

అలా కొన్ని రోజులు రైల్లో, గదిలో, భోజనాల బల్ల మీద చదివాం. దొరికింది నా సగంలోనే. ఉప్పుటేరు గుండా ఒక్కో గంటలో ఎంత నీరు పోయిందో కూడే చోట, ఆ మొత్తాన్ని ముందుగా సున్నా చేయడం లేదు. కుంచంలో అడుగున మిగిలిన ధాన్యం ఒలకబోయకుండా దాని మీదే పోసి కొలిచినట్టు. కొలత ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ పెద్దాయన కాలపు యంత్రాలు కుంచాన్ని వాటంతటవే బోర్లించేవి. మావి బోర్లించడం లేదు. నమూనా లెక్క చాలా చిన్నది కాబట్టి అందులో బయటపడలేదు. అంటే మా లెక్కలో ఉప్పుటేరు నిజంగా మోయగలిగినదానికంటే ఎక్కువ నీటిని సముద్రానికి మోసేసింది. కొల్లేరులో నీరు నిజంగా నిలిచేదానికంటే తక్కువ నిలిచింది. గూడబాతు తప్పు, పరజ కూడా తప్పే. ఒక్కోదాని కుంచంలో ఒక్కో రకం మిగులు. ఒక్క వాక్యం చేర్చి ఆ మొత్తాన్ని సున్నా చేసి నడిపితే రెండూ ఒకే జవాబు చెప్పాయి. ఆ జవాబు ప్రకారం, పెద్ద వాన పడితే ఆశీర్వాదం గారి చర్చి స్థలంలో మోకాలి లోతు నీరుంటుంది.

హైమావతి గారు ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. ఆయన మంచివారే. తలుపు దగ్గరకు వేసి మెల్లగా అన్నారు: "ఇప్పుడెందుకండీ ఈ గొడవ? పొడిగింపు ఉత్తర్వు చేతికి రానివ్వండి. వచ్చే నివేదికలో సవరించిన లెక్కలని వేయండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. మీ ప్రమోషను ఫైలు కూడా నడుస్తోంది, తెలుసు కదా."

"వచ్చే నివేదిక ఏడాదికండీ. ఈలోపు వానాకాలం ఉంది" అన్నారు ఆవిడ.

గదిలోకి వచ్చాక మెయిలు రాశారు. ఢిల్లీకి, మా నివేదిక అందుకున్న మిగతావారికి, హాలండు ఆయనకు. నాకు నేర్పిన పద్ధతిలోనే. ఏం చేశాం, ఏం వస్తుందనుకున్నాం, ఏం వచ్చింది. మేము పంపిన లెక్కలు తప్పు, వాటిని వాడవద్దు అని మొదటి వాక్యంలోనే ఉంది. రాసి, పంపకుండా నా వైపు తిరిగారు.

"ప్రమీలా, ఇది వెళ్తే పొడిగింపు రాకపోవచ్చు. నా జీతం నాకొస్తుంది. నీ ఉద్యోగం పోతుంది. నిన్ను అడక్కుండా పంపడం న్యాయం కాదు."

ఆ రోజుల్లో మా తమ్ముడి చదువు, నాన్న మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. ఆ సంగతి ఆవిడకు తెలుసు. "నేను వద్దంటే పంపరా మేడం?" అని అడిగాను.

"పంపుతాను. కానీ నువ్వు వద్దన్నావని తెలిసి పంపుతాను. అది వేరే" అన్నారు.

ఆ నిజాయితీకి నాకు కోపం రావాల్సింది. రాలేదు. "పంపండి" అన్నాను. ప్రిన్సిపాల్ గారు భోజనానికి వెళ్ళాక డయల్ చేసి పంపాం. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తిరిగొస్తే బాగుండునని ఆ ఒక్కరోజే అనిపించింది.

"ఆశీర్వాదం గారికి మెయిలు లేదు కదా. పద" అన్నారు మర్నాడు. కైకలూరు బస్సెక్కి మధ్యలో దిగి, పడవ మీద ఆ ఊరు వెళ్ళాం. చర్చికి అప్పటికే పునాది లేచింది. రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు అక్కడే చుట్టూ చేరారు. నవ్వుతూ ఎదురొచ్చారు. హైమావతి గారు నిలబడే చెప్పారు.

"ఏవండీ, మేము మీకిచ్చిన కాగితంలో ఇక్కడికి నీళ్ళు రావని రాశాం. అది తప్పండీ. మా లెక్కలో పొరపాటుంది. పెద్ద వాన పడితే ఇక్కడ మోకాలి దాకా రావచ్చు."

పడవలో మమ్మల్ని తెచ్చినతను పైకే అన్నాడు. "పునాది రాయి వేసేక చెప్తే ఏం చేత్తామండీ? చదువుకున్నోళ్ళని నమ్మితే ఇంతేనండీ."

"నిజమేనండీ" అన్నారు ఆవిడ.

ఆశీర్వాదం గారు పునాది మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "అమ్మా, అప్పుడూ మీ కంప్యూటరే చెప్పింది, ఇప్పుడూ అదే చెప్తంది. మేమేది నమ్మాలండీ?"

"అప్పటిది అసలు నమ్మొద్దు. ఇప్పటిది మా చేతనైనంత సరిచూసి తెచ్చాను. అయినా పూర్తిగా సరైనదని ప్రమాణం చేయలేనండీ. మీ పెద్దవాళ్ళకు వెనకటి వరదలు గుర్తుంటాయి కదా, వాళ్ళనీ అడగండి. పునాది ఎత్తు పెంచగలిగితే పెంచండి. ఎంత పెంచాలో నేను గుర్తు పెట్టి వెళ్తాను."

పునాది పక్కన పాతి ఉన్న ఒక కొయ్య మీద గొడుగు కొనతో గీత గీశారు. ఒక ముసలామె ఆ గీతను, ఆవిడను మార్చి మార్చి చూసింది. "తప్పయిపోయిందని సెప్పడానికే ఇంత దూరం వచ్చేరా?" అని అడిగింది. వెటకారమో నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు. హైమావతి గారు "అవునండీ" అన్నారు. ఏ ఇంటికి వెళ్ళినా మంచినీళ్ళు, కుర్చీ ఇవ్వకుండా పంపని ఊరు అది. ఆ రోజు మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. ఎండలో గంటసేపు నిలబడే ఉన్నాం. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆవిడ జవాబు చెప్పారు. తెలియనివాటికి "తెలీదండీ" అన్నారు.

తిరిగి పడవ దగ్గరకు వస్తుంటే ఆశీర్వాదం గారు వెనకే వచ్చారు. "మా వాళ్ళు మాటన్నారని ఏమీ అనుకోకండమ్మా. మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదండీ."

"తెలిసేదండీ" అన్నారు ఆవిడ. "నీళ్ళొచ్చాక."

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. హాలండు పెద్దాయన కృతజ్ఞతలు చెబుతూ జవాబు రాశారు. ప్రోగ్రాములో మా సవరణ చేర్చి, చేసినవారిగా మా ఇద్దరి పేర్లూ పెట్టారు. ఢిల్లీ నుంచి మాత్రం పొడిగింపు రాలేదు. కారణం రాయలేదు. హైమావతి గారి ప్రమోషను ఆ ఏడు ఆగిపోయింది, తర్వాత కూడా రాలేదు. అది ఆ మెయిలు వల్లేనని నేను రుజువు చేయలేను. ఆవిడ ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నా ఉద్యోగం పోయింది. నాలుగైదు నెలలు ఇంట్లో ట్యూషన్లు చెప్పాను. హాలండు ఆయన పెట్టిన ఆ పేరును చూపిస్తే విజయవాడలో ఒక కార్యాలయంలో తీసుకున్నారు. ఇంజనీర్లు వాడే లెక్కల ప్రోగ్రాములను పరీక్షించే పని. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

ఆశీర్వాదం గారివాళ్ళు సణుక్కుంటూనే మట్టి తోలించి పునాది ఎత్తు పెంచారు. ఆ ఏడు వానలు అంతంతమాత్రం. నీళ్ళు ఆ స్థలం దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఊళ్ళో కొందరు అనవసరంగా ఖర్చు పెట్టించారని అన్నారట. ఆ మాట విని హైమావతి గారు "అనరూ మరి" అన్నారు. మరుసటి ఏడు నీళ్ళొచ్చాయి. పాత పునాది మట్టం దాటి నిలబడ్డాయి, చర్చిలోకి రాలేదు. ఈ సంగతి మాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. ఆశీర్వాదం గారు కొడుకును కళాశాలలో చేర్చడానికి వచ్చి, ఫీజు సంగతి మాట్లాడుతూ మధ్యలో అన్నారట. ఆవిడ నాకు ఒక మెయిలు రాశారు. మేము గీత గీసిన చోటు కంటే నీళ్ళు నాలుగు వేళ్ళు కిందే ఆగాయని, ఆ నాలుగు వేళ్ళు ఎందుకు తేడా వచ్చాయో చూడాలని.

ఆవిడ గూడెంలో చనిపోయి కొంతకాలమైంది. దూరప్రయాణంలో ఉండి నేను ఆఖరిచూపుకు అందుకోలేకపోయాను. ఎవరైనా ఆవిడ గురించి అడిగితే లినక్స్ నేర్పారని చెబుతాను. అది అర్థం కావడం తేలిక.

కిందటి నెల మా కార్యాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి, మేము పరీక్షించి పంపిన ఒక లెక్కలో తేడా కనిపిస్తోందని చెప్పింది. ముందు నాకు కోపమే వచ్చింది. "నువ్వే ఏదో..." అని నోటిదాకా వచ్చిన మాటను మింగి, పక్కన కుర్చీ లాగి, చూపించమన్నాను. సాయంత్రానికి ఆ అమ్మాయి చెప్పిందే నిజమని తేలింది. ఆ లెక్క వాడుతున్నది ఒక చిన్న ఊళ్ళో కాలువ పని చూసే నలుగురు మనుషులు.

"వాళ్ళకి మెయిల్ పెట్టేస్తాను మేడం" అంది.

"పెట్టు. మొదటి వాక్యంలోనే తప్పని రాయి" అన్నాను. "పెట్టి, రేపు పొద్దున్న అటువైపు మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో. ఇద్దరం వెళ్దాం."